పెట్టెకు గాలి, మనిషికి చీకటి



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి వ్రాసే ఈ వైద్యుడు ఈసారి కంప్యూటరు పెట్టె గురించి వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో రాత్రి పన్నెండు దాటిన తరువాత ఏ అపార్ట్‌మెంటు వైపు తలెత్తి చూసినా కొన్ని కిటికీలలో ఊదా, నీలం, ఆకుపచ్చ వెలుగులు ఒకదాని వెంట ఒకటి మారుతూ కనిపిస్తాయి. అవి పండుగ దీపాలు కావు. మన యువకులు తమ డెస్క్‌టాప్ కంప్యూటర్లకు అమర్చుకున్న ఎల్‌ఈడీ పట్టీలు, వెలిగే ఫ్యాన్లు. మనం వాడుకలో ‘సీపీయూ’ అని పిలిచే ఆ క్యాబినెట్‌కు అద్దపు తలుపు పెట్టి, లోపల రంగుల కాంతి నింపి, ఆరేడు ఫ్యాన్లు బిగించుకోవడం ఈ ప్రాంతపు యువతకు ఇష్టమైన వ్యాపకం. అద్దె ఇళ్లలోనూ హాస్టళ్లలోనూ ఆ పెట్టెకు చోటు దొరికేది తరచుగా పడకగదిలోనే. అందుచేతనే అది వైద్యుని విషయం కూడా అయింది.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఈ వ్యాపకం మంచిదే. పెద్దలు దానిని ఈసడించవలసిన అవసరం లేదు. అయితే యంత్రాన్ని చల్లగా ఉంచడానికి చూపే శ్రద్ధలో సగమైనా ఆ యంత్రం పక్కన నిద్రించే మనిషి పట్ల చూపాలి. పెట్టెకు గాలి ఎంత అవసరమో మనిషికి రాత్రిపూట చీకటి అంత అవసరం. ఈ రెండూ ఒకే గదిలో సాధ్యమే. ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా వ్యాపకం పక్షాన నాలుగు మాటలు

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికాలో ఆపిల్ సంస్థ లోపలి భాగాలు లీలగా కనిపించే నీలిరంగు ఐమ్యాక్‌ను విడుదల చేసింది. అంతవరకు కంప్యూటరు అనగానే గుర్తుకు వచ్చేది లేత గోధుమరంగు రేకు పెట్టె మాత్రమే. ఆ రోజులలోనే పాశ్చాత్య దేశాల ఔత్సాహికులు రేకును కోసి, కిటికీ పెట్టి, లోపల సన్నని రంగు ట్యూబులైట్లు అమర్చడం మొదలుపెట్టారు. తరువాత తయారీ సంస్థలే ఆ పనిని అందిపుచ్చుకున్నాయి. నేడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళితే అద్దపు తలుపుల క్యాబినెట్లు, రంగుల ఫ్యాన్లు సిద్ధంగా దొరుకుతాయి. 2023 మార్చి 2న రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి కేంద్రం, వస్తువును స్వయంగా రూపొందించి చూసుకోవాలన్న ఉత్సాహం ఈ నగరంలో ఎంత బలంగా ఉన్నదో చెబుతున్నది.

పగలంతా చేతికి అందని సాఫ్ట్‌వేరుతో పనిచేసే మనిషి సాయంత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని తీగలు సర్దుకోవడం మనసుకు మేలు చేసే పని. తోటపని చేసేవారికి, వీణ నేర్చుకునేవారికి కలిగే ఏకాగ్రత ఇక్కడ కూడా కలుగుతుంది. కనుక కన్నవారికి నా మనవి: “ఆ దీపాల పెట్టె ఎందుకురా, డబ్బు దండగ” అని మొదలుపెట్టకండి. అలా మొదలుపెడితే తరువాత మీరు చెప్పబోయే మంచి మాట కూడా వినపడదు.

ఫ్యాన్లు వేడిని పోగొట్టవు, గదిలోకి నెడతాయి

క్యాబినెట్‌లో సాధారణంగా 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉంటాయి. ముందువైపు ఫ్యాన్లు చల్లని గాలిని లోపలికి లాగుతాయి. వెనుక, పైన ఉన్నవి వేడి గాలిని బయటికి పంపుతాయి. ఈ ఏర్పాటు సరిగా ఉంటే లోపలి భాగాలు ఎక్కువ కాలం మన్నుతాయి. ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఒకటి ఉన్నది. ఆటలు ఆడేటప్పుడు ఒక కంప్యూటరు 400 వాట్ల విద్యుత్తు తీసుకుంటున్నదనుకోండి. ఆ 400 వాట్లూ దాదాపుగా వేడి రూపంలో మీ గదిలోనికే వస్తాయి. మీరు ఆరు ఫ్యాన్లు పెట్టినా తొమ్మిది పెట్టినా పెట్టె లోపలి ఉష్ణోగ్రత తగ్గుతుందే తప్ప గదిలో చేరే వేడి తగ్గదు.

ఊరకే కూర్చున్న మనిషి శరీరం నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. అంటే తలుపులు మూసిన పడకగదిలో మరో నలుగురు మనుషులు కూర్చున్నట్లే లెక్క. హైదరాబాదు ఏప్రిల్, మే రాత్రులలో దీని ప్రభావం ఎలా ఉంటుందో ఊహించండి. మనకు నిద్ర పట్టాలంటే శరీరపు లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గాలి. రాత్రి గడిచేకొద్దీ అది ఇంచుమించు ఒక డిగ్రీ సెల్సియస్ దిగుతుంది. గది వేడిగా ఉంటే ఆ దిగుదల కష్టమవుతుంది. యంత్రం మరీ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అవసరమైతే తానే ఆగిపోతుంది. దాని యజమానికి మాత్రం “ఇంకొక్క ఆట” అనిపిస్తూనే ఉంటుంది.

అందుచేత పెట్టె లోపలి గాలి మార్గాన్ని ఆలోచించినట్లే గది గాలి మార్గాన్ని కూడా ఆలోచించండి. పెట్టె వెనుక భాగాన్ని గోడకు ఆనించకండి. వేడి గాలి వచ్చే ముఖం మంచం వైపు గాని, మీ ముఖం వైపు గాని ఉండరాదు. తెర వైపు చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం ఎలాగూ తగ్గిపోతుంది. దానికి వేడి గాలి తోడైతే కళ్లు ఎండిపోయి మంట పుడతాయి. నిద్రకు గంట ముందే యంత్రాన్ని ఆపి, వీలుంటే కిటికీ తెరిచి, గదిని చల్లబడనివ్వండి.

రెండు నోబెల్ బహుమతులు, ఒక పడకగది

ఇక అసలు విషయం వెలుగు. 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని నీలి ఎల్‌ఈడీని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అందుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అంతకు చాలాకాలం ముందే ఉన్నా, నీలం లేనిదే తెల్లని వెలుగు గాని, నేడు ఆర్‌జీబీ అని పిలిచే అన్ని రంగుల వెలుగు గాని సాధ్యపడలేదు. మూడేళ్ల తరువాత 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు లభించింది. పండ్ల ఈగల మీద పరిశోధించి, జీవకణాలలో పగలు రాత్రులను అనుసరించి నడిచే జీవగడియారం ఎలా పనిచేస్తుందో వారు వివరించారు. మొదటి బహుమతి తెచ్చిన వెలుగు రెండవ బహుమతి వివరించిన గడియారాన్ని రాత్రిపూట తప్పుదారి పట్టించగలదు. అది జరిగే చోటు మన పడకగది.

మన కంటి వెనుక పొరలో చూపుకు ఉపయోగపడే కణాలతో పాటు మరొక రకం కణాలు కొద్ది సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వాటి ముఖ్యమైన పని బొమ్మను చూపడం కాదు. “ఇది పగలు” అని మెదడులోని జీవగడియారానికి కబురు పంపడం. అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి ఎక్కువగా స్పందిస్తాయి. నీలి ఎల్‌ఈడీల కాంతి సాధారణంగా 450 నుండి 470 నానోమీటర్ల మధ్య, అంటే దానికి చేరువలోనే ఉంటుంది. ఆ కబురు అందినప్పుడు పీనియల్ గ్రంథి మెలటోనిన్ హార్మోనును విడుదల చేయడం తగ్గిస్తుంది. 1958లో ఆరన్ లెర్నర్ బృందం కనుగొన్న ఈ హార్మోను శరీరానికి రాత్రి అయిందని చాటే దండోరా వంటిది. దండోరా ఆలస్యమైతే నిద్ర ఆలస్యమవుతుంది. మరునాటి ఉదయం తొమ్మిది గంటల సమావేశం మాత్రం ఆలస్యం కాదు.

ఎంత వెలుగు తగును? 2022లో ఈ రంగపు శాస్త్రజ్ఞుల బృందం ఒకటి కొన్ని పరిమితులు సూచించింది. నీలి కాంతి ప్రభావాన్ని ప్రత్యేకంగా లెక్కించే లక్స్ కొలమానంలో పగటిపూట కంటి వద్ద కనీసం 250, నిద్రకు ముందు మూడు గంటలు 10కి మించకుండా, నిద్రించే వేళ 1కి మించకుండా ఉండాలన్నది వారి సూచన. పగలు వెలుగు చాలక, రాత్రి చీకటి చాలక బాధపడుతున్న ఐటీ ఉద్యోగికి ఇంతకంటే క్లుప్తమైన మందుచీటీ నేను వ్రాయలేను.

ఇక్కడ భయపెట్టే ప్రచారాన్ని కూడా ఖండించాలి. ఈ దీపాల వల్ల కంటిపొర కాలిపోతుందన్న మాటకు ఆధారం లేదు. నీలి కాంతిని ఆపే కళ్లద్దాలను అమెరికన్ నేత్రవైద్య అకాడమీ సిఫారసు చేయడం లేదు. నిజానికి గది మధ్యలోని ట్యూబులైటు, కంప్యూటరు తెర చాలా సందర్భాలలో ఈ ఎల్‌ఈడీ పట్టీ కంటే ఎక్కువ వెలుగును కంటికి చేరుస్తాయి. అయినా పట్టీని ప్రత్యేకంగా ఎందుకు ప్రస్తావిస్తున్నాను? ట్యూబులైటు ఆర్పి పడుకుంటాము. క్యాబినెట్ దీపం చాలా ఇళ్లలో రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. కంప్యూటరును షట్‌డౌన్ చేసినా అనేక మదర్‌బోర్డులు మిగులు విద్యుత్తుతో దీపాలను వెలిగిస్తూనే ఉంటాయి. మూసిన కనురెప్పలు వెలుగును పూర్తిగా ఆపలేవు. నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. అలసిన దేహానికి పరుపు లేకపోయినా నిద్ర పడుతుందని దాని భావం. నిద్ర పరుపును ఎరుగకపోవచ్చు గాని వెలుతురును మాత్రం బాగా ఎరుగును.

ఒకరి అలంకారం, మరొకరి జాగరణ

ఈ కారిడార్‌లో వేలాది యువకులు పీజీ హాస్టళ్లలో ఒక గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఉంటున్నారు. ఒకరిది పగటి ఉద్యోగం, ఇంకొకరిది అమెరికా వేళల ఉద్యోగం. అటువంటి గదిలో వెలిగే పెట్టె యజమాని ఒక్కడి విషయం కాదు. అతడు ఆనందంగా చూసుకునే వెలుగు పక్క మంచం మీదివాని నిద్రను తింటుంది. మొగమాటం వల్ల ఆ రెండవవాడు నోరు మెదపడు. పగలు చిరాకు, తలనొప్పి, బండి నడుపుతూ కునుకు, వీటికి కారణం ఏమిటో అతనికే తెలియదు. ఔటర్ రింగు రోడ్డు మీద ఒక్క కునుకు చాలు, ప్రాణం పోవడానికి.

ప్రభుత్వ ఆసుపత్రులలో దశాబ్దాల పాటు రాత్రి డ్యూటీలు చేసినవాడిని గనుక రాత్రి ఉద్యోగుల కష్టం నాకు అనుభవమే. శరీర గడియారాన్ని తారుమారు చేసే రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో ‘బహుశా క్యాన్సరు కారకం’ అనే వర్గంలో చేర్చింది; 2019లో తిరిగి పరిశీలించి అదే నిర్ణయాన్ని కొనసాగించింది. ఇది బెంబేలెత్తడానికి కాదు, జాగ్రత్తకు. షిఫ్టు మొదటి సగంలో వెలుగు మెలకువకు తోడ్పడుతుంది. అప్పుడు దీపాలు ఉండనివ్వండి. చివరి రెండు మూడు గంటలలో తగ్గించండి. ఉదయం వచ్చి పడుకునేటప్పుడు దట్టమైన కర్టెన్లు వేసి గదిని చీకటి చేసుకోండి. ఆ చీకటిలో క్యాబినెట్ కూడా వెలగరాదు.

పిల్లలున్న ఇంట మరింత జాగ్రత్త అవసరం. నా వయసువారి కంటి కటకం పసుపెక్కి నీలి కాంతిని కొంత అడ్డుకుంటుంది. పిల్లల కటకం స్వచ్ఛంగా ఉంటుంది, వారి కనుపాప పెద్దది. కనుక అదే దీపం వారి మెలటోనిన్‌ను ఎక్కువగా తగ్గిస్తుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారిలో కొద్దిమందికి వేగంగా మిణుకుమనే కాంతి వల్ల మూర్ఛ రావచ్చు. 1997 డిసెంబరు 16న జపానులో ఒక పోకెమాన్ కార్టూన్ భాగంలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మెరిసినప్పుడు దాదాపు 700 మందిని, అత్యధికులు పిల్లలను, ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. సెకనుకు 3 నుండి 30 సార్లు మెరిసే కాంతి ఇటువంటివారికి ప్రమాదకరం. కనుక ఇంట్లో ఎవరికైనా ఆ చరిత్ర ఉంటే మెరిసే అమరికను పూర్తిగా మానండి. నిలకడగా వెలిగే రంగునే పెట్టుకోండి.

చప్పుడు సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల ప్రకారం నిద్రించే గదిలో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్ మించరాదు. చిన్న ఫ్యాన్లు అతివేగంగా తిరిగితే ఆ పరిమితి సులభంగా దాటుతుంది. ఇక్కడ ఒక మేలైన సూత్రం ఉన్నది. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి కూడా సుమారు సగమవుతుంది. చప్పుడు మాత్రం 15 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. కాబట్టి నిశ్శబ్దం కోరేవారు చిన్న ఫ్యాన్లను వేగంగా తిప్పే బదులు పెద్ద ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పాలి. క్షణక్షణం హెచ్చుతగ్గులయ్యే చప్పుడు ఒకే స్థాయిలో ఉండే చప్పుడు కంటే నిద్రను ఎక్కువగా చెదరగొడుతుంది. ఉష్ణోగ్రత కొద్దిగా పెరగగానే ఫ్యాను ఉరకకుండా, నెమ్మదిగా వేగం అందుకునేలా అమర్చుకోండి.

చేతులు, కళ్లు, కరెంటు

పని చేసేటప్పటి ప్రమాదాలు కూడా చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్తింగ్. అద్దె గదులలో మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టరు తగిలించి వాడటం చూస్తుంటాము. అప్పుడు రేకు పెట్టెను తాకితే జివ్వుమంటుంది. చాలామంది దానిని నవ్వి ఊరుకుంటారు. అది ఎర్తింగ్ లేదని యంత్రం ఇస్తున్న హెచ్చరిక. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ సరిచేయించండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నదో లేదో ఇంటి యజమానిని అడగండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఎంత నైపుణ్యం ఉన్నా విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలువ ఉండవచ్చు. రంగు దీపాలలో 5 వోల్టులవి, 12 వోల్టులవి వేరువేరు. ఒకదాని తీగను మరొకదానికి తగిలిస్తే దీపాలు మాడిపోతాయి. రేకు కోసేటప్పుడు, రంధ్రం వేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. కంటిలో రేకు నలుసు పడితే నలపకండి, స్వయంగా తీయకండి. మెహిదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి గాని, దగ్గరి నేత్రవైద్యుని వద్దకు గాని వెంటనే వెళ్లండి. రేకు అంచు కోసుకుంటే ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. సోల్డరింగ్ పొగ ఉబ్బసాన్ని రేపుతుంది. కిటికీ తెరిచి చేయండి. పాత రకం సోల్డరులో సీసం ఉంటుంది; చేతులు కడుక్కోనిదే ఏమీ తినవద్దు. అద్దపు తలుపును టైల్స్ నేల మీద అంచుతో నిలబెట్టవద్దు. చిన్న తాకిడికే అది వేల ముక్కలుగా పగులుతుంది.

నిర్మాణాలు ఎడతెగకుండా సాగే కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు దుమ్ము ఎక్కువ. లోపలికి గాలి లాగే ఫ్యాన్లు బయటికి పంపేవాటి కంటే కాస్త ఎక్కువ గాలిని తెచ్చేలా చూసి, వాటికి జాలీ పెడితే పెట్టెలో దుమ్ము తగ్గుతుంది. శుభ్రం చేసేటప్పుడు మాస్కు కట్టుకుని, బాల్కనీలో చేయండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పనిని మరొకరికి అప్పగించడం మేలు.

ఈ రాత్రి నుండే చేయదగినవి

1. నిద్రకు మూడు గంటల ముందు దీపాలను మసక ఎరుపు లేదా పసుపు నారింజ రంగుకు మార్చండి. మెలటోనిన్‌ను అతి తక్కువగా తాకేది మసక ఎరుపే. రంగు మార్చుకునే సౌకర్యం మీ పెట్టెలోనే ఉన్నది, దానికి వేరే ఖర్చు లేదు.

2. పడుకునే ముందు దీపాలు పూర్తిగా ఆర్పండి. షట్‌డౌన్ తరువాత కూడా వెలుగుతుంటే బయాస్ అమరికలో ఆ సదుపాయాన్ని తీసివేయండి, లేదా గోడ స్విచ్చి ఆపండి.

3. అద్దపు తలుపు మంచం వైపు ఉండకుండా పెట్టెను తిప్పండి. వీలైతే హాలులోనికి మార్చండి.

4. ఉదయం లేవగానే అరగంట ఆరుబయట వెలుగులో నడవండి. రాత్రి చీకటి ఎంత ముఖ్యమో ఉదయపు వెలుగు అంత ముఖ్యం.

5. రెండు వారాలు ఇలా చేసి, ఏ వేళకు నిద్ర పట్టింది, ఏ వేళకు లేచారు అని ఒక కాగితం మీద వ్రాసుకోండి. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలకు మించి నిద్ర పట్టకపోయినా, గట్టిగా గురక వచ్చినా అది దీపం సమస్య మాత్రమే కాదు, వైద్యుని సంప్రదించండి. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు.

హాస్టళ్ల యజమానులకూ ఒక మాట. ప్రతి మంచానికి ఒక కర్టెన్, ప్రతి సాకెట్‌కు సరైన ఎర్తింగ్ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. సంస్థల యాజమాన్యాలు కూడా కార్యాలయంలో యోగా తరగతి పెట్టడంతో సరిపుచ్చుకోక, అర్ధరాత్రి సమావేశాల తరువాత మరునాడు ఆలస్యంగా రావడానికి అనుమతించాలి. దీపం ఆర్పడం యువకుని చేతిలో ఉన్నది. పని వేళలు అతని చేతిలో లేవు.

యువ మిత్రులారా, మీరు పెట్టెలో తీగలను ఎంత ఓపికగా సర్దుతారో నేను చూశాను. ఏ ఫ్యాను ఎటు తిరగాలి, ఏ మూల వేడి నిలుస్తుంది అని మీరు లెక్కలు కడతారు. అదే బుద్ధితో ఒక్కసారి మీ గది మధ్యలో నిలబడి చూడండి: మీ తల ఎక్కడ ఉంటుంది, వెలుగు ఎటు నుండి పడుతుంది, వేడి ఎటు పోతుంది, పక్కవారు ఎలా నిద్రిస్తున్నారు. ఆ గది కూడా మీరు చక్కదిద్దుకోవలసిన క్యాబినెట్టే. అందులో ఉన్న విలువైన భాగం మీరే, దానికి విడిభాగాలు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరకవు.

ఈ వ్యాసం ఆరోగ్య అవగాహన కొరకు మాత్రమే. మీ వ్యక్తిగత సమస్యకు మీ వైద్యుని సలహాయే ప్రమాణం. అందరికీ చల్లని గది, చక్కని నిద్ర కలగాలని కోరుకుంటూ, సెలవు.